ఆరని పెయింటు

ఇళ్ళకు వెళ్ళి మనుషుల గురించి రాసే ఉద్యోగం ఫరహత్‌కు ఎస్టీడీ బూత్‌లో కూర్చుని ఉండగా దొరికింది. పటమట మెయిన్ రోడ్డు మీద అద్దాల పెట్టె లాంటి బూత్ అది. బీఏ పాసై మూడేళ్ళయినా ఏ ఆఫీసూ పిలవకపోతే, ఖాళీగా కూర్చోవడం ఎందుకని అందులో కుదిరింది. ఫోన్ చేసేవాళ్ళు లోపల ఏడ్చేవాళ్ళు, తిట్టుకునేవాళ్ళు, అబద్ధాలు చెప్పేవాళ్ళు. అన్నీ వినపడేవి. ఎవరైనా గొంతు తగ్గించగానే ఫరహత్ ముఖం గోడ వైపు తిప్పుకుని క్యాలెండరు చూస్తూ కూర్చునేది.

రోజూ ఢిల్లీకి ఫోన్ చేయడానికి వచ్చే ఒక పెద్దాయన ఇది గమనించాడు. ఆయన పేరు శ్రీరామచంద్రమూర్తి. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. ఎండైనా వానైనా చంకలో గొడుగు ఉండేది, ముక్కు మీద కోపం ఉండేది. ఢిల్లీలోని ఒక సంస్థ కోసం, ఆటోనగర్ పనివాళ్ళు ఎలా బతుకుతున్నారో దగ్గరగా చూసి రాసే పని ఒకటి నెత్తికెత్తుకున్నాడు. షెడ్డుల్లో మగవాళ్ళతో తను మాట్లాడగలడు. వాళ్ళ ఇళ్ళలోకి, వంటింటి గడప దాకా వెళ్ళి కూర్చోవాలంటే మాత్రం ఆడపిల్ల కావాలి.

"మీ నాన్నగారు ఏం చేస్తారమ్మా?" అని అడిగాడు ఒకరోజు.

"ఆటోనగర్లోనే అండీ. లారీ బాడీలు కట్టే షెడ్డులో చెక్కపని."

"అయితే రేపట్నించి ఈ పెట్టెలో కూర్చోవద్దు. నా దగ్గరికి రండి."

అది పంతొమ్మిది వందల తొంభై ఎనిమిది. ఫరహత్‌కు ఇరవై నాలుగేళ్ళు. తండ్రి మదార్ సాహెబ్‌కు కూతురు చేయబోయే పనేమిటో సరిగ్గా అర్థం కాలేదు. ఆయనకు చదువు రాదు. సాయంత్రం షెడ్డు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చుంటే, ఫరహత్ చిన్నప్పటి నుంచీ పేపరు చదివి వినిపించేది. "ఇళ్ళకెళ్ళి కబుర్లు చెప్పించుకుని రాసుకుంటే జీతమిస్తారా?" అని రెండుసార్లు అడిగి, ఇస్తారని తేలాక ఊరుకున్నాడు.

మొదట్లో ఫరహత్ దగ్గర అరవై రెండు ప్రశ్నల కాగితాలుండేవి. వారం తిరక్కుండా ఇరవై ఇళ్ళు పూర్తి చేసి, ముత్యాల్లాంటి అక్షరాలతో నింపి తెచ్చి మేష్టారి ముందు పెట్టింది. మెచ్చుకుంటాడనుకుంది. ఆయన అన్నీ చదివి, దారంతో కట్టి బీరువా మీద పడేశాడు.

"ఇవి జవాబులమ్మా. ఇంట్లో కూర్చుని మనమే రాసుకోవచ్చు. నాకు మనుషులు కావాలి."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. కానీ మొండి పిల్ల, మానలేదు. ఆ ఏడాదంతా ఆయన చీవాట్లు తింటూ నేర్చుకుంది. ఎందుకు అని అడగకండి, ఎందుకు అంటే మనిషి సంజాయిషీ చెప్పుకుంటాడు, ఎలా అని అడిగితే చేసి చూపిస్తాడు అనేవాడు. వాళ్ళు పనిలో ఉంటే దిమ్మలా కూర్చోకండి, చేతికందిన పని అందుకోండి అనేవాడు. ఎందుకొచ్చారో మొదటిరోజే చెప్పేయాలి. వాళ్ళ ఎదురుగా గీకకుండా ఇల్లు చేరగానే కూర్చుని రాసేయాలి. అన్నిటికంటే గట్టిగా చెప్పింది ఇంకొకటి. రాసింది అచ్చుకు వెళ్ళే ముందు ఆ ఇంటికి తీసుకెళ్ళి చదివి వినిపించాలి. వద్దన్న ముక్క కొట్టేయాలి. దీని మీద మాత్రం వాదన లేదు.

వాళ్ళ సందులోనే, రెండిళ్ళ అవతల అబ్దుల్లా ఉండేవాడు. వరసకు ఏమీ కాకపోయినా పుట్టినప్పటి నుంచీ ఆమెకు ఆయన బాబాయి, ఆయన భార్య కుల్సుం పిన్ని. లారీ క్యాబిన్ పైన పెట్టే నేమ్ బోర్డులు రాయడంలో ఆటోనగర్ మొత్తానికి అబ్దుల్లా చెయ్యే చెయ్యి. పసుపుపచ్చ అక్షరానికి ఎర్రటి నీడ కొడితే అక్షరం పలక మీంచి లేచి నిలబడేది. అటూ ఇటూ చిలకలు వేసేవాడు. గుడివాడ నుంచి, మచిలీపట్నం నుంచి వచ్చిన బండ్ల ఓనర్లు, ఆయన చేతి పని కోసం నాలుగు రోజులు ఎక్కువైనా బండి నిలబెట్టుకునేవాళ్ళు. ఆయనకూ ఆ గర్వం బాగానే ఉండేది. తన బోర్డు ఉన్న లారీ రోడ్డు మీద పోతుంటే మాట మధ్యలో ఆపేసి అది కనుమరుగయ్యే దాకా చూసేవాడు.

తరువాత తరువాత షెడ్డుకు వెళ్ళడం మానేసి బోర్డులు ఇంటికే తెప్పించుకోసాగాడు. షెడ్డులో దుమ్ము పెయింటు మీద పడుతోంది అని చెప్పాడు. పొద్దున వసారాలో కూర్చుని రాసేవాడు. భోజనం చేసి మసీదుకెళ్ళి, అటు నుంచి అటే ఆటోనగర్ గేటు దగ్గర అంతోని టీ కొట్టుకు పోయేవాడు. తెలిసిన దారే గనుక తడబడకుండా వెళ్ళొచ్చేవాడు.

ఒక మధ్యాహ్నం ఫరహత్ పిలవకుండానే వాళ్ళింట్లోకి వెళ్ళింది. కుల్సుం నేల మీద కూర్చుని, ఒళ్ళో బోర్డు పెట్టుకుని, సన్నకుంచెతో అక్షరాల అంచులు దిద్దుతోంది. ఫరహత్‌ను చూసి ఆమె చెయ్యి గాల్లో ఆగిపోయింది.

"తలుపెయ్యవే," అంది ముందు.

తలుపు వేశాక ఫరహత్ ఏమీ అడగలేదు. అప్పటికి ఏడాదిగా నేర్చుకున్నది అక్కరకొచ్చింది. పక్కన కూర్చుని కిరసనాయిలు డబ్బా జరిపి, గుడ్డ అందించింది. కుల్సుం కాసేపు పని చేసుకుని, తనంతట తానే చెప్పడం మొదలుపెట్టింది. అబ్దుల్లా కళ్ళకు నీటికాసులు. పోయిన చూపు రాదని డాక్టరు చెప్పేశాడు. ఆయన ఇంటికొచ్చి కొద్దిగా మసక, అంతే అన్నాడు. ఆ మసకలోనే రాస్తున్నాడు. గీత గీతను దాటిపోతోంది, చిలక కన్ను ముక్కు మీదికొస్తోంది. ఆయనకు అది తెలియదు. తన చెయ్యి ఎప్పటిలాగే ఉందనుకుంటున్నాడు. ఆయన బయటికి వెళ్ళగానే కుల్సుం తుడిచి, దిద్ది, చిలకలకు కళ్ళు పెట్టి, కుంచెలు మళ్ళీ ఆయన పెట్టినట్టే పెడుతోంది.

"ఆడదాన్ని, నాకెక్కడొచ్చిద్ది ఈ పని? పాతికేళ్ళు పక్కన కూర్చుని చూశాగా. చేత్తో పట్టుకుంటే వచ్చేసింది," అని నవ్వింది. "ఒక్కటే చిక్కు. ఆయన సాయంత్రం వచ్చి బోర్డు మీద వేలు పెట్టి చూస్తాడు. పొద్దున రాసింది సాయంత్రానికి కూడా వేలికంటుకుంటది. నేను మజ్జానం ఏసిందేగా అది! ఇదేం పెయింటు, కల్తీ పెయింటు అని కొట్టువాళ్ళ మీదికి యుద్ధానికి పోతాడు. ఇప్పటికి మూడు కొట్లు మార్చాడు. నేను కూడా అవునయ్యా, ఈ మధ్య ఏదీ మంచి సరుకు రావట్లేదు అంటా."

నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఫరహత్‌కు కూడా నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"పిన్నీ, ఇది రాసుకోనా? పేరు మారుస్తాను."

కుల్సుం ఆలోచించింది. "రాసుకో. ఊళ్ళో ఎవరికి తెలిసినా నాకేం బాధ లేదు. ఆయనకి మాత్రం తెలవకూడదు. ఆ చెయ్యి తనదేనన్న నమ్మకం మీద బతుకుతున్నాడు. అది పోతే మనిషి ఉండడు."

"తెలియదు పిన్నీ. నాది పూచీ."

రెండు వేల సంవత్సరం మొదట్లో పుస్తకం అచ్చుకు సిద్ధమైంది. ఢిల్లీకి ఇంగ్లీషులో పెద్దది, ఇక్కడివాళ్ళ కోసం తెలుగులో చిన్నది. ఎవరి గురించి రాశామో వాళ్ళ చేతికి అది రాకపోతే మనం దొంగలమే అన్నాడు మేష్టారు. ఫరహత్ పన్నెండిళ్ళ కథలు రాసింది. అబ్దుల్లా పేరు మార్చింది, ఊరు కానూరు వైపు మార్చింది, లేని ఇద్దరు కొడుకుల్ని ఇచ్చింది. చిలకల్ని తీసేసి కలువపూలు పెట్టింది. ఆరని పెయింటు ఒక్కటీ మార్చలేదు. మార్చబుద్ధి కాలేదు. పుస్తకం మొత్తంలో అంత ప్రాణమున్న చోటు ఇంకొకటి లేదని ఆమెకు తెలుసు. ఆ పేజీ చదువుకున్నప్పుడల్లా తను కూడా ఒక రచయితనే అనిపించేది.

పదకొండిళ్ళకు వెళ్ళి చదివి వినిపించింది. పన్నెండో ఇంటికి వెళ్ళలేదు. కుల్సుం వింటే పెయింటు ముచ్చట తీసేయమంటుందని లోపల ఎక్కడో భయం. కావలసినవాళ్ళే కదా అని తనకు తాను సర్దిచెప్పుకుంది.

మేష్టారు ఆ పేజీ దగ్గర ఆగాడు. "ఇది ఆయన చదివితే?"

"ఆయనకు చూపు లేదు కదా సార్. చదవలేరు."

"ఆవిడకు వినిపించారా?"

"మా పిన్నే సార్," అంది ఫరహత్. అది జవాబు కాదు. ఆయన ఆరోజు జ్వరంతో ఉన్నాడు, ప్రెస్సువాళ్ళు తొందరపెడుతున్నారు. పేజీ తిప్పేశాడు.

చదువు రాని తండ్రికి పదిహేనేళ్ళు పేపరు చదివి వినిపించిన పిల్ల, కళ్ళు లేనివాడు పుస్తకం చదవలేడనుకుంది! ఆటోనగర్లో సగం మంది పేపరు చెవులతోనే చదువుతారని ఆమెకు ఇంకొకరు చెప్పాలా? చెప్పనక్కర్లేదు. కావాలనుకున్న దాని ముందు తెలివి అలా గుడ్డిదైపోతుంది, అంతే.

పుస్తకాలు పంచిన మూడో రోజు సాయంత్రం మదార్ సాహెబ్ హుషారుగా ఇంటికొచ్చాడు.

"ఏమే, నీ పుస్తకం ఇయ్యాల అంతోని కొట్టు దగ్గర చదివారే! అంతోనీయే గట్టిగా చదివి వినిపించాడు. ఆ పెయింటు ఆరని కతకి జనం పడీ పడీ నవ్వారనుకో. ఎవడబ్బా ఆ కానూరు పెయింటరు, పాపం అని ఒకటే మాట."

ఫరహత్ చటుక్కున లేచింది. "అబ్దుల్లా బాబాయ్ ఉన్నాడా అక్కడ?"

"ఎందుకు లేడు, నా పక్కనే కూర్చున్నాడు. ఆడు కూడా నవ్వాడు. మళ్ళీ ఒకసారి చదవమన్నాడు కూడానూ."

రెండోసారి చదవమన్నాడన్న మాటతో ఆమెకు అన్నం సయించలేదు.

మర్నాడు వసారాలో అబ్దుల్లా ముందు బోర్డు లేదు. కుంచెలన్నీ శుభ్రంగా కడిగి గుడ్డలో చుట్టి గోడకానించి ఉన్నాయి. ఆమె అడుగుల చప్పుడు గుర్తుపట్టి రమ్మన్నాడు.

"మీ పిన్ని రేషను కొట్టుకెళ్ళింది. వచ్చేలోగా ఒకటి అడగాలి నిన్ను. కూర్చో."

"బాబాయ్, తప్పయిపోయింది."

"బాగా దాచావులే. ఒక్కడికీ అనుమానం రాలా. నేను కూడా ఎవుడో అనుకునే నవ్వా. పెయింటు కాడికి వచ్చేసరికి…" చూపుడువేలూ బొటనవేలూ రుద్దుకున్నాడు. "మూడు కొట్లు మార్చినోడు ఇంకెవుడుంటాడమ్మా? పాపం ఆ కొట్టువాళ్ళని నానా మాటలన్నా."

ఫరహత్ ఏడుస్తోంది. ఆయన పట్టించుకోలేదు.

"ఎప్పట్నించి? నీ పుస్తకాల్లో రాసుకునుంటావుగా. గుడివాడాయన బండికి జంట చిలకలేశా, పోయిన ఉగాదికి ముందు. దాన్ని చూసి ముగ్గురు ఓనర్లు అట్టాంటిదే కావాలన్నారు. అది నాదేనా?"

ఆ బోర్డు సంగతి ఫరహత్ నోట్సులో ఉంది. రెండు చిలకల్లో ఒకటి పూర్తిగా కుల్సుం వేసింది. రెండోదానికి ఒళ్ళు ఆయనది, తల ఆమెది. నాలుక చివరిదాకా వచ్చింది.

"పిన్నికి మాటిచ్చాను బాబాయ్. చెప్పలేను."

"ఇప్పుడు గుర్తొచ్చిందా ఆ మాట?" అన్నాడు అబ్దుల్లా. గొంతులో కోపం కూడా లేదు. కోప్పడితే బాగుండునని ఫరహత్ ఎంతో కోరుకుంది.

ఆయనే మళ్ళీ అన్నాడు. "సరే, నాకూ ఒక మాటివ్వు. నాకు తెలిసిందని మీ పిన్నికి చెప్పమాక. ఎన్నేళ్ళో ఏమో, నా కోసం దొంగలాగా పని చేసింది. అదంతా బూడిదపాలైందని తెలిస్తే తట్టుకోలేదు. నడుం నెప్పని మానేశానంటా. ఎట్టాగూ బోర్డులకి రేడియం స్టిక్కరు అక్షరాలు వస్తన్నాయి, నా పని ఎన్నాళ్ళుంటది."

ఫరహత్ మాటిచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది?

ఆ మధ్యాహ్నమే వెళ్ళి మేష్టారికి చెప్పింది. ఆయన గొడుగు మీద రెండు చేతులూ పెట్టుకుని విన్నాడు. "ఆవిడకు చదివి వినిపించారా అని అడిగి, జవాబు రాకపోయినా పేజీ తిప్పాను. ఇందులో సగం నాది," అన్నాడు. "ఇప్పుడైనా వెళ్ళి కుల్సుం గారికి చెప్పండి." చెప్పనని బాబాయి నా దగ్గర మాట తీసుకున్నారు సార్ అని ఫరహత్ చెప్పింది. మేష్టారి దగ్గర దానికి సూత్రం ఏదీ లేదు. మిగిలిన పుస్తకాలు వెనక్కి తెప్పించి కట్టగట్టి అటక మీద పెట్టించాడు.

అబ్దుల్లా మళ్ళీ కుంచె పట్టలేదు. ఏడాది తిరిగేసరికి ఆటోనగర్ నిండా రేడియం స్టిక్కర్లు కోసే కొట్లు వెలిశాయి, ఆయన మానేయడం ఎవరికీ వింతగా అనిపించలేదు. వసారాలో గోడకానుకుని కూర్చునేవాడు. రోడ్డు మీద లారీ పోతుంటే తల తిప్పడం కూడా మానేశాడు. మనిషి తగ్గిపోయాడు. ఫరహత్ రోజూ వెళ్ళి కూర్చునేది. కుల్సుం కొత్త చీర కట్టుకుని ఎట్టా ఉందయ్యా అంటే, రంగు బాగుందనేవాడు. ఆమె మురిసినట్టు నవ్వేది. ఫరహత్ చూపు నేల మీదికి దించుకునేది.

ఆమె ఉద్యోగం మాత్రం పెరిగింది. ఢిల్లీ వెళ్ళిన ఇంగ్లీషు పుస్తకం చూసే ఇంకో సంస్థ పిలిచింది. రెండు వేల నాలుగు నాటికి కొత్తగా చేరిన ఆడపిల్లలకు ఇంటింటికీ వెళ్ళి ఎలా మాట్లాడాలో నేర్పే స్థాయికొచ్చింది. ఎలా అని అడగండి, ఎందుకు అని అడగకండి అని చెప్పేది. రాసింది తప్పకుండా చదివి వినిపించాలని చెప్పేటప్పుడు ఆమె గొంతు కరుకుగా మారేది. ఎందుకు మేడమ్ అని ఏ పిల్లయినా అడిగితే విసుక్కునేది.

రెండు వేల అయిదు వానాకాలంలో అబ్దుల్లా పోయాడు. రెండు నెలల తరువాత ఒక సాయంత్రం కుల్సుం వసారాలో చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతుంటే ఫరహత్ వెళ్ళి పక్కన కూర్చుంది. కుల్సుం చేటలో చెయ్యి ఆపకుండానే మొదలుపెట్టింది.

"నీకొకటి చెప్పాలే. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలా. ఆయన పని మానింది నా వల్లే."

"అదేం మాట పిన్నీ!"

"ఆ ఆఖరి బోర్డు మచిలీపట్నం బండిది. ఆయాల నాకు జొరం. చెయ్యి వణికింది. చివరక్షరం కాడ గీత పక్కకి పోయింది. తుడుద్దామంటే లేవలేకపోయా, రేపు చూద్దాంలే అని వదిలేశా. మర్నాడు పొద్దున్నే ఆయన కుంచెలు కడిగేశాడు. ఏలితో తడిమి కనిపెట్టుంటాడు. తన చెయ్యి పోయిందనుకునుంటాడు. ఆ ఒక్క గీత సరిగ్గా గీసుంటే…" ఆమె చెయ్యి బియ్యంలోనే ఉండిపోయింది. "అయిదేళ్ళు ఆయన గోడకానుకుని కూర్చుంటే, రోజూ ఆ గీతే కనపడేది నాకు."

ఫరహత్ దగ్గర మాట తీసుకున్న మనిషి మట్టిలో కలిసిపోయాడు. ఇంకా ఎవరి కోసం నోరు మూసుకోవాలి? ఇన్నాళ్ళూ మాట కోసమే మూసుకుందా, లేక చెబితే ఈ ఇంటి గడప ఎక్కనివ్వరన్న భయంతోనా? నిజం ఏమిటో ఆమెకు బాగా తెలుసు. సిగ్గుతో చచ్చినంత పనైంది.

"నీ గీత కాదు పిన్నీ. నా పుస్తకం."

అంతా చెప్పింది. చదివి వినిపించకుండా దాటేసిన సంగతి, అంతోని కొట్టు, రెండోసారి చదవమన్న మాట, జంట చిలకల గురించి అడగడం, తీసుకున్న మాట. ఏదీ దాచలేదు.

"అయితే ఆయనకి తెలుసు."

"తెలుసు పిన్నీ."

"ఆ రోజు నించీ?"

"ఆ రోజు నించీ."

"నా చీర రంగు బాగుందనేవాడు," అంది కుల్సుం. "కనపడట్లేదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకి తెలుసు. ఒక్కసారి, ఒక్కసారి నోరు విప్పుకునుంటే ఇద్దరం పట్టుకుని ఏడ్చేవాళ్ళం. ఆ మాత్రం భాగ్యం కూడా లేకపోయింది."

ఫరహత్ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. కుల్సుం చెయ్యి వెనక్కి తీసుకుంది.

"రోజూ వచ్చేదానివి గదే. మా ఇద్దరి మధ్యా కూర్చునేదానివి. అటు ఆయన్నీ, ఇటు నన్నూ… చూస్తా కూర్చున్నావా?"

చేట తీసుకుని లోపలికెళ్ళింది. తలుపు కూడా వేసుకోలేదు.

ఆ తరువాత కూడా వాళ్ళు రెండిళ్ళ అవతలే ఉన్నారు. కుళాయి దగ్గర ఎదురైతే కుల్సుం పలకరించేది, నీళ్ళొచ్చాయా అని అడిగేది, మదార్ సాహెబ్‌కు ఒంట్లో ఎలా ఉందని కనుక్కునేది. కానీ బతికున్నంత కాలం ఫరహత్‌కు మరేదీ చెప్పలేదు.